ఫైల్లో లేని కషాయం

క్యాన్సర్ చికిత్స నడుస్తుండగా ఆయుర్వేదం కూడా వాడేవాళ్లు చేయవలసినవి, చేయకూడనివి

ఆళ్లగడ్డలో ఒక ఇంట్లో క్యాన్సర్ అని తేలిందంటే ఆ ఇంటి వైద్యం రెండు దారులు పడుతుంది. ఒకటి పెద్దరోడ్డు దారి. 40వ నంబరు జాతీయ రహదారి మీద నంద్యాల దాటి కర్నూలుకు, అక్కడి స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు. కాదంటే హైదరాబాదులో ఎంఎన్‌జేకో బసవతారకానికో, ఇటు దిగువన తిరుపతికో వేలూరుకో. రెండోది ఇంటి ముందు దారి. వెనకాల నల్లమల ఉంది. ఆకులూ వేళ్లూ తెలిసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరుంటారు. చూడటానికి వచ్చిన చుట్టం ఉత్త చేతులతో రాడు, ఏదో ఒక పొడి పొట్లం తెస్తాడు.

కర్నూలు డాక్టరు మూడు వారాలకొకసారి కనిపిస్తాడు, అదీ బయట బెంచీల నిండా జనం ఎదురుచూస్తున్న ఓపీలో కాసేపు. మూలిక ఇచ్చినాయన రోజూ కనిపిస్తాడు, మంచం పక్కన కూర్చుని ధైర్యం చెబుతాడు. ఇద్దరి మందూ ఒకే కడుపులో పడుతుంది. ఒకే లివరు దాన్ని అరిగించాలి, ఒకే మూత్రపిండాలు బయటికి పంపాలి. కానీ ఒకరు ఏమిచ్చారో ఇంకొకరికి తెలియదు. అసలు చిక్కు ఇక్కడుంది. ఆయుర్వేదం గొప్పదా, ఇంగ్లీషు వైద్యం గొప్పదా అన్న పంచాయితీ అరుగు మీద కూర్చున్నవాళ్లకు వదిలేద్దాం. కీమో ఎక్కించుకుంటున్న మనిషికి తెలియాల్సింది ఏది పక్కన పెట్టుకోవచ్చు, ఏది కూడదు, ఎవరికి చెప్పాలి అన్నదే.

ముందు ఫైలు

చేయవలసిన వాటిలో మొదటిది, మిగతావన్నీ దీని తర్వాతే: నోట్లో పడేది, ఒంటికి రాసేది ఏదైనా ఆస్పత్రి ఫైల్లో రాసి పెట్టండి. ఒక తెల్ల కాగితం చాలు. మందు పేరు, ఎవరిచ్చారు, ఎప్పటి నుంచి, రోజుకు ఎంత, దేంతో కలిపి. పేరు తెలియకపోతే ‘చేదుగా ఉండే గోధుమరంగు పొడి, చెంచాడు, తేనెతో’ అని రాసినా పనికొస్తుంది. పొట్లం, సీసా సంచిలో వేసుకుపోండి. లేబులు ఉంటే సెల్‌ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి. పొద్దున్నే తాగే ఆకు రసం, టీవీలో చూసి తెప్పించిన మాత్రలు, పిల్లలు హైదరాబాదు నుంచి పంపిన పసుపు క్యాప్సూళ్లు అన్నీ ఆ కాగితం మీదికి రావాలి. ‘అది మందు కాదులే, ఆకే కదా’ అని వదిలేసిందే తరచూ ఇబ్బంది పెడుతుంది.

డాక్టరు తిడతాడని దాస్తారు. తిట్టే డాక్టర్లున్న మాట నిజమే. తిట్టడం వాళ్ల తప్పు, దాచినందుకు నష్టం మాత్రం రోగికి. ‘ఆయుర్వేదం వాడొచ్చా సార్’ అని అడిగితే ‘వద్దు’ అన్న ఒక్క మాటతో సంభాషణ అయిపోతుంది. ప్రశ్న మార్చి చూడండి. ‘నాకు ఎక్కించే కీమో మందుతో ఇది పడుతుందా? నా లివరు, కిడ్నీ రిపోర్టులు దీన్ని తట్టుకుంటాయా? కీమోకు ఎన్ని రోజుల ముందు ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?’ ఇలా అడిగితే ఏ డాక్టరైనా ఆగి ఆలోచిస్తాడు. డాక్టరుకు తీరిక లేకపోతే కీమో ఎక్కించే సిస్టరుకు చెప్పండి. ఫైల్లో రాయించడం ముఖ్యం, ఎవరి చేత రాయించారన్నది కాదు.

ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడూ అదే ఫైలు చంకలో ఉండాలి. చదువుకున్న బీఏఎంఎస్ డాక్టరైతే ముందు అదే అడుగుతాడు: ఏ అవయవం, ఏ దశ, ఏ మందులు, ఎన్ని సైకిళ్లు అయ్యాయి, తెల్లకణాలు ఎన్ని, క్రియాటినిన్ ఎంత. నాడి పట్టి, ఫైలు విప్పకుండానే ‘ఆ కీమో ఆపేసి రండి, మూడు నెలల్లో గడ్డ కరిగిస్తా’ అన్నాడంటే అక్కడి నుంచి లేచి రావడం మంచిది. క్యాన్సర్‌ను నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం జాబితాలో క్యాన్సర్ పేరు స్పష్టంగా ఉంది. ఇన్నేళ్లయినా గోడల మీద, వాట్సాప్‌లో ఆ ప్రకటనలు తగ్గలేదనుకోండి, అది వేరే కథ.

తిప్పతీగతో ఒక లెక్క

దాచితే ఏమవుతుందో తిప్పతీగతో చూద్దాం. మన వైపు కంచెల మీద, వేపచెట్ల మీద పాకే తీగ ఇది. కరోనా కాలంలో ఇమ్యూనిటీ పేరుతో ఊళ్లకు ఊళ్లే తాగాయి. ముంబై లివరు డాక్టర్లు 2021లో ఆరుగురి గురించి రాశారు, తిప్పతీగ వాడాక వాళ్ల లివరు దెబ్బతిన్నదని. 2022లో దేశంలోని పలు ఆస్పత్రులు కలిసి ఇలాంటి 43 మంది వివరాలు ప్రచురించాయి. ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత లివరు మీదే తిరగబడిన తరహా జబ్బు అది. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీన్ని ఒప్పుకోలేదు. సరైన తిప్పతీగ సురక్షితమేననీ, దాన్ని పోలిన మరో జాతి తీగ కలిసి ఉండొచ్చనీ చెప్పింది. ఎవరి మాట నిజమైనా రోగి సంగతి మారదు, కంచె మీది తీగ ఏ జాతిదో కోసుకొచ్చిన పిల్లవాడికి తెలియదు కాబట్టి.

రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న ఒకామె ఆస్పత్రిలో చెప్పకుండా ఇంట్లో ఈ కాడ రసం తాగుతోందనుకోండి. నాలుగో సైకిల్‌కు రక్తపరీక్షలో లివరు ఎంజైములు పెరిగాయి. ఫైల్లో రసం లేదు, కీమో ఒక్కటే ఉంది. డాక్టరు కీమోనే అనుమానిస్తాడు. మోతాదు తగ్గిస్తాడు, లేదా వాయిదా వేస్తాడు. క్యాన్సర్‌ను కొట్టాల్సిన మందు తగ్గింది, లివరును కొట్టే రసం మాత్రం కొనసాగుతోంది. పైగా కళ్లు పచ్చబడేసరికి ఇంట్లో పెద్దవాళ్లు కామెర్ల పసరు పోయించడానికో, చేతిమీద వాత పెట్టించడానికో బయల్దేరతారు. కీమోలో ఉన్న మనిషికి వాత పెట్టడమంటే చేజేతులా పుండు చేసి క్రిములకు తలుపు తీయడమే. కాగితం మీద ఒక్క వరుస ఉండి ఉంటే ఇదంతా మొదటి పరీక్షలోనే తేలిపోయేది.

ఆపకండి, వాయిదా వేయకండి

‘ముందు మూడు నెలలు ఆకుమందు చూద్దాం, పనిచేయకపోతే అప్పుడు ఆపరేషను.’ ఇది వద్దు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంకా పాకని దశలో ఉన్న రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తి, పెద్దపేగు క్యాన్సర్లకు ఆస్పత్రి వైద్యం వదిలి ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే ఎంచుకున్న 281 మందిని, మామూలు చికిత్స చేయించుకున్నవారితో పోల్చి చూశారు. చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు తేలింది. రొమ్ము క్యాన్సర్‌లో అది అయిదున్నర రెట్లు దాటింది. అదే ఏడాది అదే బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. రెండు వైద్యాలూ కలిపి వాడామన్నవారిలోనూ మరణాల ముప్పు రెట్టింపు ఉంది. దానికి వాళ్లు చూపిన కారణం, వీళ్లలో చాలామంది ఆపరేషనో కీమోనో రేడియేషనో, చెప్పిన వాటిలో ఏదో ఒకటి వద్దనుకోవడం. ‘తోడుగా’ అని మొదలైన మందు మెల్లగా ‘బదులుగా’ అయిపోయే ప్రమాదం అక్కడుంది.

కీమో మధ్యలో ఆపేస్తే ఒంటికి హాయిగానే ఉంటుంది. వాంతులు ఆగుతాయి, అన్నం సహిస్తుంది, జుట్టు మొలుస్తుంది. ఆ హాయి మూలిక వల్ల వచ్చిందనుకుంటారు. అది కీమో ఆగినందుకు వచ్చిన హాయి. గడ్డకు కూడా అంతే హాయిగా ఉంటుంది.

బయాప్సీ సూది పొడిస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయం మన ఊళ్లలో గట్టిగా ఉంది. ఆ భయంతో ఆకు కట్లు కట్టించుకుని కూర్చుంటారు. గడ్డ మీద ఆకు కట్లు, కాల్చే లేపనాలు వద్దు. పైన చర్మం పుండుపడి, లోపల గడ్డ తన పని తాను చేసుకుపోతుంది. పరీక్ష లేకుండా ఏ మందు ఇవ్వాలో ఏ వైద్యుడికీ తెలియదు, ఆయుర్వేద వైద్యుడితో సహా.

జ్వరం వస్తే కషాయం కాదు

కీమో ఎక్కించిన తర్వాత ఏడో రోజు నుంచి పధ్నాలుగో రోజు మధ్యలో తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడొచ్చే జ్వరం మామూలు జ్వరం కాదు, గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లో థర్మామీటరు ఉంచుకోండి. 100.4 డిగ్రీలు దాటితే, చలి వణుకు వస్తే, పగలైనా రాత్రైనా ఆస్పత్రికి ఫోన్ చేసి బయల్దేరాలి. నేలవేము కషాయం తాగి తెల్లవారేదాకా చూద్దామన్న ఆలోచన, పారాసిటమాల్ వేసి జ్వరం దాచేయడం, రెండూ వద్దు. ఆళ్లగడ్డ నుంచి కర్నూలు దాకా వెళ్లే వ్యవధి లేకపోతే 108కి ఫోన్ చేసి నంద్యాల ప్రభుత్వ సర్వజన ఆస్పత్రికైనా ముందు చేరండి. ‘జ్వరం’ అని చెప్పి వరుసలో కూర్చోవద్దు. చేరగానే చెప్పాల్సిన మొదటి మాట ‘కీమో ఎక్కించి పది రోజులైంది, జ్వరం వచ్చింది’. ఆ మాటకు డాక్టరు పరుగెత్తే పద్ధతే వేరుగా ఉంటుంది.

తెల్లకణాలు తక్కువున్న రోజుల్లో పచ్చి ఆకు రసాలు, నీడన ఎండబెట్టి దంచిన పొడులు, కడగని వేళ్లు వద్దు. వాటిలో బూజు, మట్టిలోని క్రిములు ఉంటాయి. ఆరోగ్యవంతుడి ఒళ్లు వాటిని లెక్కచేయదు, ఈ ఒంటికి ఇప్పుడు ఆ బలం లేదు. వస్తి, విరేచనం, వమనం లాంటి పంచకర్మలు కీమో కాలంలో పెట్టుకోకండి. కడుపు కడగడం వల్ల లవణాలు పోతాయి, గుదద్వారం దగ్గర గీసుకుంటే క్రిములు రక్తంలోకి దిగుతాయి. జలగలు పెట్టించడం, రక్తం తీయించడం ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు ఇంకా ప్రమాదం.

వంటింటి దినుసు వేరు, సారం వేరు

పప్పులో పసుపు, చారులో మిరియాలు, టీలో అల్లం వీటికి భయపడనక్కర్లేదు. ఇంత చెప్పాక కొందరు కూరలో పసుపు కూడా మానేస్తారు, అది అక్కర్లేని పథ్యం. చిక్కు వచ్చేది వాటి సారం తీసి క్యాప్సూలులో కుక్కినప్పుడు. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కలిసిన త్రికటు ఇతర మందులను ఒంట్లోకి ఎక్కువగా ఎక్కిస్తుందని జమ్ములోని పరిశోధకులు 1979లోనే చూపించారు. ఆయుర్వేదంలో అది గుణం. కీమో మందు కొలత మిల్లీగ్రాముల్లో, ఒంటి వైశాల్యానికి లెక్కగట్టి ఇచ్చేది కాబట్టి, దాని మోతాదును తెలియకుండా పెంచినా తగ్గించినా ముప్పే. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 2019లో టామోక్సిఫెన్ వేసుకుంటున్న రొమ్ము క్యాన్సర్ రోగులు పసుపు సారం తీసుకుంటే, ఒంట్లో టామోక్సిఫెన్ పనిచేసే రూపం తగ్గింది. దానికి మిరియాల సారం కలిపితే తగ్గుదల 12 శాతం దాకా వెళ్లింది. కొద్దిమంది మీద చేసిన పరీక్షే, అయినా అయిదేళ్లో పదేళ్లో వేసుకోవాల్సిన మాత్ర విషయంలో ఆ పందెం ఎందుకు?

అతిమధురం గొంతుకు మంచిదని కొమ్ము నములుతుంటారు. ఎక్కువైతే పొటాషియం తగ్గి, బీపీ పెరుగుతుంది. కీమోలో వాంతులు, విరేచనాలు అయి పొటాషియం ముందే పడిపోయి ఉంటుంది, వాంతులకు ఇచ్చే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కూడా అదే వైపు లాగుతుంది. గుండె లయ తప్పడానికి అంత చాలు. లేహ్యాల్లో సగం చక్కెరే, స్టెరాయిడ్ వల్ల షుగరు పెరిగినవాళ్లు ఇది గమనించాలి. అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టిన మందులు, వాటిలో సారాయి అంశ ఉంటుంది. నోరు పూసినప్పుడు మంట, లివరుకు అదనపు పని. పిల్లిపీచర లేహ్యాన్ని హార్మోను మీద ఆధారపడే రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వాడకండి. ఇంటర్నెట్ పుణ్యమా అని లక్ష్మణఫలం ఆకు టీ కూడా మన ఊళ్లకు వచ్చింది. దాన్ని రోజూ వాడే కరీబియన్ దీవుల్లో పార్కిన్సన్‌ను పోలిన నరాల జబ్బుతో సంబంధం కనిపించింది.

ఆపరేషను ఉందంటే కనీసం రెండు వారాల ముందు ఈ సారాలు, పొడులు ఆపాలి. పసుపు, వెల్లుల్లి, అల్లం సారాలు రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేస్తాయి. మత్తు డాక్టరుకు కూడా ఈ జాబితా చూపండి, ఆయన అడగకపోయినా.

బిళ్ల గన్నేరు సంగతి

మన ఇళ్ల ముందు తెల్లగా, గులాబీ రంగులో పూసే బిళ్ల గన్నేరును షుగరుకని నమిలేవాళ్లున్నారు. క్యాన్సర్‌కని నమిలేవాళ్లూ తయారయ్యారు, ‘దీంట్లోంచే కదా కీమో మందు తీసేది’ అని. ఆ మాట నిజమే. 1950లలో జమైకాలో షుగరుకు ఈ ఆకు టీ తాగుతారని తెలిసి, ఆ ఆకును కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ పరీక్షించారు. ఎలుకల్లో చక్కెర తగ్గలేదు, తెల్లకణాలు పడిపోయాయి. అలా దొరికిందే విన్‌బ్లాస్టిన్, 1958లో వెల్లడైంది. దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్‌ను ఈ రోజుకూ పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడుతున్నారు. కానీ గ్రాముల మందు కోసం టన్నుల కొద్దీ ఎండిన ఆకు కావాలి. గుప్పెడు ఆకులో క్యాన్సర్‌ను కొట్టేంత మందు ఉండదు, నరాలను, పేగును ఇబ్బంది పెట్టే ఇతర పదార్థాలు మాత్రం ఉంటాయి. కీమో మీద ఉన్నవాళ్లు, షుగరుకని ఎప్పటి నుంచో నములుతున్నవాళ్లు కూడా, ఈ ఆకు మానేయండి.

భస్మాలు, గుళికలు

పాదరసం, గంధకం, తాళకం, సీసం లాంటివి వాడే రసౌషధాలు ఒక తరగతి. శాస్త్రం ప్రకారం శుద్ధి చేస్తే హాని లేదని వైద్యులు అంటారు. శుద్ధి సరిగా జరిగిందో లేదో పొట్లం చూసి చెప్పగలిగినవాడు లేడు. బోస్టన్‌లో దక్షిణాసియా కిరాణా కొట్లలో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి దొరికాయని 2004లో ప్రచురించారు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు మూత్రపిండాల మీద ముందే భారం వేస్తుంది. దాని పక్కన పాదరసం పెట్టకండి. విషద్రవ్యాలు కలిసిన మందుల లేబులు మీద ‘వైద్యుని పర్యవేక్షణలో వాడాలి’ అన్న హెచ్చరిక ఉండాలని నియమం. ఆ హెచ్చరిక ఇంగ్లీషులోనూ హిందీలోనూ రాయాలన్నారు, తెలుగులో రాయాలని లేదు. కాబట్టి లేబులు చదవగలిగిన పిల్లవాడి చేత చదివించుకోండి. లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, అందులో ఏమేమి ఉన్నాయో జాబితా, ఇవి లేని సీసా కొనకండి. కాగితంలో కట్టిచ్చే పొడి వేసుకోగానే నొప్పులు మాయమై, ఆకలి విపరీతమై, ముఖం గుండ్రంగా ఉబ్బుతుంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉందేమోనని అనుమానించాలి. అలాంటి పొడిని ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే, డాక్టరు చేత ఆపించుకోండి.

సాయపడేవి ఉన్నాయి

ఇంతదాకా వద్దన్నవే ఎక్కువయ్యాయి. నిజంగా సాయపడేవీ ఉన్నాయి, వాటికి ఆధారమూ ఉంది. 2012లో ప్రచురించిన ఒక అమెరికా అధ్యయనంలో 576 మంది వివరాలను విశ్లేషించారు. ఆస్పత్రి ఇచ్చే వాంతి మందులతో పాటు రోజుకు అర గ్రాము నుంచి గ్రాము అల్లం తీసుకున్నవారికి, కీమో రోజు వికారం తగ్గింది. ‘తో పాటు’ అన్నది గుర్తుంచుకోండి, ఆన్‌డాన్‌సెట్రాన్ మాత్ర మానేసి అల్లం రసం తాగమని కాదు. మంగళూరులో 2014లో నోరు, గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటున్నవారి చేత పసుపు నీళ్లు పుక్కిలింపజేస్తే నోటిపూత తీవ్రత తగ్గింది. ఇంట్లో చేసుకోవాలంటే డాక్టరును అడిగి చేయండి. గోరువెచ్చని నీళ్లలో ఉప్పు, వంటసోడా కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించడం మాత్రం ఆస్పత్రులన్నీ చెప్పేదే. వక్క, జర్దా, ఖైనీ పూర్తిగా మానాలి. పొగాకు కలపని ఉత్త వక్క కూడా క్యాన్సర్ తెచ్చేదేనని 2004లోనే తేల్చారు, కాబట్టి భోజనమయ్యాక తాంబూలం మర్యాద కూడా వద్దు.

కీమో నీరసానికి అశ్వగంధ సాయపడినట్టు మలేషియాలో 100 మంది రొమ్ము క్యాన్సర్ రోగులతో చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. అది లాటరీ వేసి విడదీసిన పరీక్ష కాదు. ఆ తర్వాత అశ్వగంధతో లివరు దెబ్బతిన్న కేసులు కూడా నమోదయ్యాయి, థైరాయిడ్ మీదా దాని ప్రభావం ఉంది. కాబట్టి నా మాట ఇది: లివరు రిపోర్టు బాగుండి, డాక్టరు సరేనంటే, ఫైల్లో రాసుకుని, మళ్లీ మళ్లీ పరీక్ష చేయించుకుంటూ వాడొచ్చు. ఇవి కుదరనప్పుడు వద్దు. యోగా, ప్రాణాయామం, సాయంత్రం నడకతో ఇలాంటి చిక్కులు లేవు. ఎముకకు పాకిన క్యాన్సర్ ఉంటే ముందుకు వంగే, మెలితిప్పే ఆసనాలు మానితే చాలు.

పథ్యం పేరుతో పస్తు పెట్టకండి

నాటువైద్యంలో మందు కంటే పథ్యం పెద్దది. పెరుగు వద్దు, పప్పు వద్దు, గుడ్డు వద్దు, గోంగూర, వంకాయ వద్దు. చివరికి మిగిలేది చారన్నం. కీమో మనిషికి బరువు తగ్గడమే పెద్ద దెబ్బ. కిలో బరువుకు కనీసం ఒక గ్రాము, వీలైతే గ్రామున్నర మాంసకృత్తులు అందాలి. 50 కిలోల మనిషికి రోజుకు 50 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటాయి, మిగతా లెక్క మీరే వేసుకోండి. బాగా ఉడికిన గుడ్లు, మెత్తటి పప్పు, కాచిన పాలు తోడుపెట్టిన తాజా పెరుగు, చేపలు తినేవాళ్లయితే చేపలు. చక్కెర ముట్టకపోతే గడ్డ మాడిపోతుందని, పాలు తాగితే గడ్డ పెరుగుతుందని చెప్పేవాళ్ల మాట విని మనిషిని ఎండగట్టకండి.

కొర్రల సంగతి ఒకటి చెప్పాలి. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం నుంచే సూర్యనంది లాంటి కొర్ర రకాలు వచ్చాయి, మన నేల పంట అది. మంచి తిండే. కానీ కొర్రలతో క్యాన్సర్ పోతుందని చెప్పే వీడియోలు చూసి మూడు పూటలా అదే పెడుతున్నారు. పేగు ఆపరేషను అయినవాళ్లకు, కీమోతో విరేచనాలు అవుతున్నవాళ్లకు పీచు ఎక్కువైతే కష్టం. అప్పుడు మెత్తగా ఉడికిన అన్నమే నయం. నోరు పూసినప్పుడు రాగిసంగటి జారుగా చేసి పప్పునీళ్లతో పెట్టొచ్చు, ఉగ్గాని మెత్తగా కలిపి పెట్టొచ్చు. మిరపకాయ బజ్జీ, ఎర్రకారం మాత్రం కొన్ని నెలలు మరిచిపోవాలి. కర్నూలు జిల్లాలో పుట్టినవాళ్లకు ఇది కీమో కంటే కష్టమైన నియమమని నాకు తెలుసు.

నూనె, కాపడం, కరెంటు

రేడియేషన్‌ను మన వైపు కరెంటు పెట్టడం అంటారు. కరెంటు పెట్టే చోట చర్మం మీద నూనె, పసుపు, గంధం, వేపాకు ముద్ద ఏదీ రాయకండి, ముఖ్యంగా పెట్టించుకునే ముందు. చర్మం మీద గీసిన గుర్తులు రుద్ది కడగకండి. ఆ గుర్తులను బట్టే కిరణాలు పడతాయి.

నూనె మర్దన హాయినిస్తుంది, నిద్ర పట్టిస్తుంది, దానికి అడ్డు చెప్పను. గడ్డ మీద, ఆపరేషను గాయం మీద, ఛాతీలో పెట్టిన కీమో పోర్టు చుట్టూ మాత్రం తగలనీయకండి. ఒక కాలే వాచి, పిక్క పట్టేసినట్టు నొప్పి ఉంటే అక్కడ అస్సలు రుద్దకండి. లోపల రక్తం గడ్డ కట్టి ఉంటే అది జారి ఊపిరితిత్తికి చేరుతుంది. వెన్ను నొప్పిని వాతమనుకుని గట్టిగా తొక్కించుకోకండి. క్యాన్సర్ ఎముకకు పాకి ఉంటే ఎముక విరుగుతుంది. పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందుల తర్వాత అరికాళ్లు, అరచేతులు మొద్దుబారుతాయి. వాటికి వేడినీళ్ల కాపడం పెడితే కాలేదాకా తెలియదు.

చికిత్స ఇక పనిచేయదన్నప్పుడు

ఒక దశలో డాక్టరే ‘ఇక కీమోతో లాభం లేదు’ అంటాడు. అక్కడ లెక్కలు మారతాయి. మందుల మధ్య గొడవ భయం తగ్గుతుంది, మనిషి సుఖం ముందుకొస్తుంది. ఇష్టమైన లేహ్యం, తలకు నూనె, నమ్మిన వైద్యుడి మాట, వీటికి అప్పుడు చోటుంది. నొప్పికి మార్ఫిన్ మాత్రం మాన్పించకండి. ఎంఎన్‌జేలో దీనికోసం ప్రత్యేక విభాగమే ఉంది. మార్ఫిన్‌తో మలబద్ధకం తప్పదు, దానికి నేలతంగేడు నుంచి తీసిన మాత్రలనే ఆస్పత్రులూ ఇస్తాయి. ఇల్లూ పొలమూ తాకట్టు పెట్టి లక్షల రూపాయల ‘చివరి మందు’ కొనకండి. వైద్యసేవ కార్డు మీద ఏ చికిత్స వస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి, లేదా 104కి ఫోన్ చేయండి.

ఏదైనా తేడా చేస్తే

కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులోకి మారడం, ఒళ్లంతా దురద, తగ్గని వాంతులు, మూత్రం తగ్గిపోవడం, చిగుళ్ల నుంచి రక్తం, కొత్తగా గుండెదడ. వీటిలో ఏది కనిపించినా ఆయుర్వేద మందు ఆ పూటే ఆపి, క్యాన్సర్ డాక్టరుకు ఫోన్ చేయండి. ఆస్పత్రి మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. మిగిలిన పొడి పారేయకండి, సీసా కడిగేయకండి. పరీక్షకు పంపాలంటే అదే ఆధారం. మందు వల్ల హాని జరిగిందని అనుమానం ఉంటే డాక్టరు చేతగానీ మీరే గానీ 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి నమోదు చేయించవచ్చు. ఆయుర్వేద మందుల హానిని నమోదు చేసుకునే వ్యవస్థకు ఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ కేంద్రంగా ఉంది. ఫిర్యాదులో మందు పేరు, బ్యాచ్ నంబరు, వాడిన తేదీలు అడుగుతారు. ఫైల్లోని ఆ తెల్ల కాగితం చూసి చెప్పండి.